ముగ్గురన్నదమ్ముల స్టూలు

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆ అమ్మాయికి ఒక కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి కొలత టేపు తీసి కుర్చీ ఎత్తు కొలిచింది. నలభై నాలుగు సెంటీమీటర్లు. బల్ల ఎత్తు కొలిచింది. డెబ్భై ఆరు. రెండూ పుస్తకంలో రాసుకుని అప్పుడు కూర్చుంది. ఎదురు బల్లల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భోజనాల వేళకల్లా ఆమెకు పేరు పడిపోయింది. టేపమ్మ.

ఆ ఆఫీసు పని వస్తువులకు రూపం కట్టడం. బకెట్టు కానీ, ఫ్యాను రెగ్యులేటరు కానీ, ఆసుపత్రి మంచం పక్కన రోగి నొక్కే గంట కానీ, ఏ కంపెనీ అయినా తయారుచేయబోయే ముందు వీళ్ల దగ్గరికొస్తుంది. ఆ వస్తువు ఎలా ఉండాలి, చేతికి ఎలా అందాలి, ఎక్కడ పట్టుకోవాలి అన్నది వీళ్లు గీసి, నమూనా చేసి చూపిస్తారు. మేడ మీద పది బల్లలు. కింద రేకుల షెడ్డులో వర్క్‌షాపు. వర్క్‌షాపుకి మకుటంలేని మహారాజు మోడల్ మేస్త్రి. ముప్ఫయ్యేళ్లుగా చెక్క కోసి, పోశాక గట్టిపడే రెజిన్ పోసి, ఉప్పుకాగితంతో రుద్ది నమూనాలు చేస్తున్నాడు.

ఆఫీసు యజమానురాలిని అందరూ మేడం అంటారు. ఆవిడ మొదటిరోజే తేల్చి చెప్పేసింది.

"మూడు నెలలు చూస్తాను. పదహారో తారీఖుతో అయిపోతాయి. పనికొస్తావనిపిస్తే ఉద్యోగం ఖాయమని ఉత్తరం ఇస్తాను. లేదనిపిస్తే కాఫీ ఇచ్చి పంపిస్తాను. మధ్యలో వచ్చి ఎలా చేస్తున్నానని అడగొద్దు. నాకు ఒళ్లు మండుతుంది."

"అడగను మేడం."

"అడుగుతావు. అందరూ అడుగుతారు."

మొదటి నెలంతా ఆమె పక్కవాళ్ల బొమ్మలకు కొలతలు వేసింది. రెండో నెల మొదటి సోమవారం మేడం ఒక స్టూలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. బజారులో దొరికే ప్లాస్టిక్ స్టూలే. నాలుగు కాళ్లు, పైన నడిమధ్యలో బొటనవేలు దూరేటంత చిల్లు.

"ఇది ముగ్గురన్నదమ్ములది. వంద అమ్మితే ఏడు వెనక్కొస్తున్నాయట. అన్నీ కాలు విరిగినవే. కొత్తది కావాలంటున్నారు. నువ్వు చెయ్యి."

ముగ్గురన్నదమ్ములు ఆ ఆఫీసుకు పాతకాపులు. తండ్రి పెట్టిన ప్లాస్టిక్ ఫ్యాక్టరీని కలిసి నడుపుతున్నారు. ఫ్యాక్టరీలోనూ బజారులోనూ వాళ్ల పేర్లు పెద్దన్న, నడిపన్న, చిన్నన్న. ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప అక్కడ ఏ పనీ కదలదు. ఒకరి చేతిలో నమూనా ఉంటే, అది తమదాకా రాదేమోనని మిగతా ఇద్దరికీ అనుమానం. ఒకసారి మగ్గు నమూనా ఒక్కటే తీసుకెళ్తే ముగ్గురూ లాక్కుని పిడి ఊడగొట్టారు. అప్పట్నుంచి వాళ్ల దగ్గరికి ఏ వస్తువు వెళ్లినా మూడు వెళ్లాలని ఆఫీసులో నియమం. మిగతా కంపెనీలన్నిటికీ నమూనా ఒకటే.

టేపమ్మ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మ, నానమ్మ. ఆ ఇంట్లోనూ అన్నదమ్ముల స్టూలు ఒకటి ఉంది. వారంపాటు ఆ స్టూలుని ఎవరు ఎందుకు వాడుతున్నారో రాయాలనుకుంది టేపమ్మ. తను ఆఫీసుకి వెళ్లినప్పుడు రాసే పని నానమ్మకి అప్పజెప్పింది.

"స్టూలుకి కాపలా ఏంటే? అదేమన్నా పారిపోతుందా?" అంది నానమ్మ.

"ఎందుకు వాడారో రాయి నానమ్మా, అంతే."

"పదిన్నరకి కూర్చున్నాను. పదకొండుకి లేచాను. ఇది చదవడానికి నీకు జీతం ఇస్తున్నారా?"

"ఇస్తున్నారు."

"ఎవరో పాపం, మంచివాళ్లు."

అయినా నానమ్మ రాసింది. వారం తిరిగేసరికి స్టూలుని నలభై ఒక్కసార్లు వాడినట్టు తేలింది. అందులో కూర్చున్నది పదహారుసార్లే. మిగతా ఇరవై ఐదుసార్లు దానిమీద ఏదో ఒకటి పెట్టారు. కూరగాయల గిన్నె, మందుల డబ్బా, రేడియో, మడతపెట్టిన బట్టలు. అన్నిటికన్నా ఎక్కువసార్లు నానమ్మ టీ గ్లాసు. బుధవారం కాగితంలో నానమ్మ ఇలా రాసింది: "గ్లాసు చిల్లులోకి ఒరిగింది. టీ అంతా నేలపాలు. ఆ చిల్లు పెట్టినవాడి చెయ్యి..." ఆ తర్వాత రాసింది కొట్టేసింది.

టేపమ్మ గీసిన స్టూలుకి కాళ్లు లేవు. బోర్లించిన బకెట్టులా చుట్టూ గోడ. కిందికొచ్చేకొద్దీ వెడల్పు. అడుగున పట్టుకుని ఎత్తడానికి వేలెడు అంచు. కాలే లేకపోతే విరగడానికి ఏముంది? పైన చిల్లు తీసేసింది. కూర్చుంటే స్టూలు, గ్లాసు పెడితే బల్ల.

బొమ్మలు చూసి ముగ్గురన్నదమ్ములూ ఒకేసారి తలూపారు. ఇన్నేళ్లలో అలా జరగడం రెండోసారంది మేడం. "స్టూలూ ఇదే, బల్లా ఇదే" అని అట్టపెట్టె మీద అచ్చేయిద్దామన్నాడు నడిపన్న. నమూనాలు చూపించడానికి మూడో నెల ఐదో తారీఖు పెట్టుకున్నారు.

మేస్త్రి మొదటి నమూనా చేశాడు. ఆఫీసులో అందరూ దానిమీద కూర్చుని చూశారు. నమూనాలకు ఫొటోలు తీసే తొంభై కిలోల ఫొటోగ్రాఫరు కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. స్టూలు కిక్కురుమనలేదు. ఆ నమూనానుంచి అచ్చు తీసి మేస్త్రి మరో రెండు పోశాడు. నాలుగో తారీఖు సాయంత్రం దాకా మూడూ అలమరలో మూడు అరల్లో ఆరాయి.

ఐదో తారీఖు, మంగళవారం. కారు వెనక సీటులో మూడు స్టూళ్లూ పక్కపక్కన పట్టలేదు. టేపమ్మ ఒకదానిమీద ఒకటి తొడిగి సీటుబెల్టు బిగించింది. ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు పైపులకోసం తవ్వేసి ఉంది. మూడు కిలోమీటర్లు మేడం నడుపుతున్న కారు ఎగిరెగిరి పడింది. ఎగిరినప్పుడల్లా టేపమ్మ ముందు సీటులోంచి వెనక్కి చెయ్యి చాచి స్టూళ్లు దొర్లిపోకుండా కిందికి అదిమిపట్టింది.

అన్నదమ్ముల గది ఫ్యాక్టరీ మేడ మీద ఉంది. పొడవాటి బల్ల, మూడు కుర్చీలు, మూడూ ఒకే ఎత్తు. టేపమ్మ దొంతరని బల్లమీద పెట్టింది.

"ఏవమ్మా, మూడు తెస్తారనుకున్నాం. ఒకటే కనబడుతోంది?" అన్నాడు పెద్దన్న.

"మూడూ ఉన్నాయండీ. ఒకదాంట్లో ఒకటి. ఇదిగో, తీస్తాను."

పైదాని అంచు పట్టుకుని ఎత్తింది. మూడూ కలిసి లేచాయి. కిందపెట్టి, మోకాలు అడ్డం పెట్టి లాగింది. రాలేదు. కుడివైపు తిప్పింది. మూడూ తిరిగాయి.

"ఆడపిల్లవల్ల ఏమవుతుంది, ఇటివ్వు," అంటూ నడిపన్న లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. లాగాడు. మొహం ఎర్రబడింది. స్టూళ్లు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"ఆడపిల్లవల్ల కాదన్నావు, నీవల్ల ఏమైంది?" అన్నాడు చిన్నన్న. అతను కింది అంచు పట్టుకున్నాడు, నడిపన్న పై అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ లాక్కుంటూ గదంతా ఒక చుట్టు తిరిగారు. 

"తిప్పరా, తిప్పు," అన్నాడు పెద్దన్న కూర్చున్నచోటునుంచి.

"ఎటు తిప్పమంటావు?" అన్నాడు నడిపన్న.

"నీవైపు."

"నావైపంటే ఏవైపు? వాడూ నావైపే తిప్పుతున్నాడు!"

తలుపు దగ్గర జనం పోగయ్యారు. టైపిస్టు సబ్బునీళ్లు పొయ్యమంది. ఇంకెవరో వేడినీళ్లన్నారు. రెండూ పోశారు. బల్ల తడిసింది, కాగితాలు తడిశాయి, స్టూళ్లు విడలేదు. మేడం కిటికీ వైపు తిరిగి నిలబడింది. 

పెద్దన్న లేచి వచ్చి దొంతరమీద చెయ్యి వేశాడు. "మా నాన్న పోయేముందు మమ్మల్ని ముగ్గుర్నీ ఇలా ఉండమన్నాడమ్మా. మావల్ల కాలేదు. వీటివల్ల అయింది."

అందరూ నవ్వారు. టేపమ్మకి చెవులు వేడెక్కాయి.

అప్పుడు అచ్చుల ఫోర్‌మన్ వచ్చాడు. ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చులన్నీ ఆయన కోయించినవే. దొంతర చుట్టూ ఒకసారి తిరిగి, పైన అరచేత్తో రాసి చూశాడు. 

"అమ్మాయ్, పాడవుతాయి. ఫర్లేదా?"

ఆమె తలూపింది. ఫోర్‌మన్ కింద షెడ్డులోంచి డ్రిల్లు తెప్పించి పై స్టూలు నడిమధ్యలో చిల్లు వేశాడు. ఫుస్సుమని గాలి దూరిన చప్పుడైంది. అంచు పట్టుకుని కాస్త కదిపి ఎత్తాడు. స్టూలు పైకొచ్చింది. రెండోదానికీ అంతే చేశాడు. మూడోది బల్లమీద మిగిలింది.

"చిల్లు ఎందుకనుకున్నావు?" అన్నాడు.

"వేలు పెట్టి ఎత్తడానికండీ."

"వేలు తర్వాత. ముందు గాలికి. గోడా గోడా అతుక్కున్నాక లోపలికి గాలి పోయే దారి లేకపోతే, నువ్వు లాగేకొద్దీ అవి పీల్చుకుంటాయి. మా పాతదానికి నాలుగు కాళ్ల మధ్యా సందులున్నాయి, అయినా చిల్లు పెట్టాం. నువ్వు చుట్టూ గోడ కట్టి, పైన చిల్లూ మూసేశావు. దుకాణంలో ఇరవై ఒకదానిమీద ఒకటి పెడతారమ్మా. ఒకటి కొందామని వచ్చినవాడు ఇరవయ్యీ కొనుక్కుపోవాలి."

"చిల్లు పెట్టేస్తాం," అంది మేడం.

"చిల్లు పెడితే బల్ల ఎక్కడుంది?" అన్నాడు నడిపన్న. "చిల్లు లేదనే కదా మాకు నచ్చింది. చిల్లున్నది మా దగ్గర పాతికేళ్లుగా ఉంది."

పెద్దన్న తమ్ముళ్లిద్దరినీ చూశాడు. "చిల్లు ఉండకూడదు. అతుక్కోకూడదు. పదిహేనో తారీఖు చూపించండి. అప్పటికి కాకపోతే ఏమీ అనుకోకండి మేడం, ఇంకో ఆఫీసువాళ్లు కూడా మా చుట్టూ తిరుగుతున్నారు."

తిరుగుదారిలో తవ్విన రోడ్డు దాటేదాకా మేడం కళ్లు గోతులమీదే ఉన్నాయి. దాటాక అంది, "తప్పు నీ ఒక్కదానిదే అనను. నేనూ చూశాను, నాకూ తట్టలేదు. కానీ ఈ పని పోతే నీకు ఉత్తరం ఇవ్వలేను. ఇప్పుడే చెప్పడం మంచిది."

"తెలుసు మేడం."

"ఏడుస్తావా?"

"ఆలోచిస్తున్నాను మేడం."

"రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి," అని మేడం గేరు మార్చింది.

వర్క్‌షాపులో మేస్త్రి సంగతంతా విని, చిల్లు పడ్డ స్టూలుని తిరగేసి చూసి, కింద పెట్టాడు.

"ముప్ఫయ్యేళ్లలో నేను ఒకదానిమీద ఒకటి పెట్టి చూసిన వస్తువు ఒక్కటీ లేదు టేపమ్మా. మనం ఎప్పుడూ ఒకటే చేస్తాం. దానికి లైటు వేసి, వెనక తెల్లగుడ్డ కట్టి ఫొటో తీస్తాం. పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటాం. అది వెళ్లి కాపరం చేసేది ఇరవైమంది ఉన్న ఇరుకింట్లో."

తర్వాతి మూడు రోజులూ ఆమె గీసింది గీసినట్టే చింపింది. గాలి పోవడానికి లోపలివైపు గోడకి అడ్డంగా సన్నటి గాడులు పెట్టి ఫోర్‌మన్‌కి ఫోన్ చేసింది. అలా పెడితే ప్లాస్టిక్ ఆ గాడుల్లో పట్టేసుకుంటుందని, స్టూలు అచ్చులోంచి బయటికే రాదని ఆయన చెప్పాడు. గోడ వాలు పెంచింది. అలా చేస్తే అడుగు తలుపులో పట్టనంత వెడల్పైంది. శుక్రవారం సాయంత్రానికి చెత్తబుట్ట నిండింది, పుస్తకం ఖాళీ అయింది.

శనివారం పొద్దున నానమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నా టీవల్లే నీ ఉద్యోగానికి ముప్పొచ్చిందా?"

"నీ టీవల్ల కాదు నానమ్మా."

"చిల్లు పెట్టించెయ్యవే. నేను గ్లాసు నేలమీద పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ వంగలేదా?"

"ఇన్నాళ్లూ వంగావు కాబట్టే నడుము పట్టేసింది."

"సరే, నడుము సంగతి తర్వాత. బకెట్టుకి చిల్లు పడింది. బజారుకి తీసుకెళ్లు. ఇక్కడ కూర్చుంటే నీకు పిచ్చెక్కుతుంది, నిన్ను చూసి నాకెక్కుతుంది."

ప్లాస్టిక్ సామాన్ల దుకాణం రెండు వీధుల అవతల ఉంది. దుకాణం నడిపే ఆవిడ అప్పుడే లారీలోంచి దిగిన టబ్బులు సర్దుకుంటోంది. ఒక టబ్బు పెట్టడం, దానిలో రెండు అట్టముక్కలు ఎదురెదురుగా నిలబెట్టడం, వాటిమీద మరో టబ్బు దింపడం. మళ్లీ అట్టముక్కలు, మళ్లీ టబ్బు. 

నానమ్మ అడక్కుండా ఉండలేదు. "మధ్యలో ఆ అట్టలేంటమ్మా? వాటికి చలేస్తుందా?"

"అట్ట పెట్టకపోతే సాయంత్రానికి నాకు భుజాలుండవు పెద్దమ్మా. ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. ఒకటి లాగితే నాలుగొస్తాయి. చేసేవాళ్లకేం, చేసి పంపించేస్తారు. విడదీసుకునేది మేము."

టేపమ్మ బకెట్టు బేరం మధ్యలో వదిలేసింది. టబ్బుల దగ్గర గొంతుక్కూర్చుంది. అట్ట పెట్టినచోట పై టబ్బు ఆగిపోతోంది. కింది టబ్బు గోడని తాకేలోపే ఆగుతోంది. రెండు గోడల మధ్య చుట్టూ సందు. ఆ సందులోకి జేబులోని బస్సు టికెట్టు దూర్చింది. దూరింది. టేపు తీసి అట్ట మందం కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు.

"ఏం కొలుస్తోంది ఈ పిల్ల?" అంది దుకాణం ఆవిడ.

"దానికదో జబ్బు," అంది నానమ్మ. "నన్ను కూడా కొలిచింది."

సోమవారం ఎనిమిదింటికే ఆమె వర్క్‌షాపు తలుపు దగ్గర ఉంది. ఆలోచన మేస్త్రికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. స్టూలు లోపల, పైకప్పు అడుగున మూడు చోట్ల చిన్న పలకలు. ఒక స్టూలుమీద ఇంకోటి పెడితే, పైది ఆ పలకలమీద ఆగుతుంది. గోడలు కలుసుకోవు. దుకాణం ఆవిడ పెట్టే అట్టని స్టూలుతోపాటే పోసేస్తారు. 

"ఎంత మందం పెడదాం?" అన్నాడు మేస్త్రి.

"అట్ట నాలుగుంది. మనం రెండు పెడదాం. లారీలో ఎక్కువ పట్టాలి కదా."

"ఎన్ని స్టూళ్లు?"

"ఇరవై."

"నన్ను చంపెయ్. ఆరు."

చిల్లుపడని పాతది ఒకటి, కొత్తగా పోసినవి ఐదు. అన్నిటికీ లోపల పలకలు అతికారు. బుధవారం మధ్యాహ్నం ఆరూ ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన రెండు ఇసకమూటలు వేసి, వాటిమీద ఫొటోగ్రాఫరుని కూర్చోబెట్టారు. అతను అక్కడే కూర్చుని భోజనం చేశాడు. గంటన్నర తర్వాత దింపి లాగితే మొదటిది వచ్చింది. రెండోది మూడోదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. బరువుకి రెండు మిల్లీమీటర్ల పలక సరిపోలేదు. గోడలు మళ్లీ కలుసుకున్నాయి.

"నేను ఒళ్లు తగ్గాలా?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"వద్దు, పెంచు," అంది టేపమ్మ. "మేస్త్రిగారూ, నాలుగు పెడదాం. దుకాణం ఆవిడే కరెక్టు."

పలకలన్నీ ఊడదీసి కొత్తవి అతికేసరికి గురువారం మధ్యాహ్నమైంది. మళ్లీ ఇసకమూటలు, మళ్లీ ఫొటోగ్రాఫరు. ఈసారి మేడం కూడా కిందికి దిగొచ్చి నిలబడింది. టేపమ్మ ఒక్కో అంచు పట్టుకుని ఎత్తింది. ఒకటి. ఒకటి. ఒకటి. ఆరూ విడివిడిగా నేలమీద కూర్చున్నాయి. మేడం మెట్లెక్కి వెళ్లిపోయింది. మధ్యమెట్టు దగ్గర ఈల వేసిందని మేస్త్రి తర్వాత ఒట్టేసి చెప్పాడు.

పదిహేనో తారీఖు, శుక్రవారం. ఆరు స్టూళ్ల దొంతర వెనక సీటులో నిలబెట్టారు.

"మేడం, గోతుల మీదుగానే పోనివ్వండి."

"వేరే దారి ఎక్కడుంది?" అంది మేడం.

ఫ్యాక్టరీ ఆవరణలో సరుకు లారీ ఒకటి ఖాళీగా నిలబడి ఉంది. టేపమ్మ టేపుతో లోపలికి ఎక్కింది. నేలనుంచి పైకప్పుదాకా కొలిచి, చేతిమీద లెక్క రాసుకుంది.

"ఏం పాపా, లారీకి జాకెట్టు కుడతావా?" అన్నాడు డ్రైవరు.

"మీరు కుట్టుకూలి ఇస్తే కుడతాను," అని దూకింది.

పైన గదిలో ఈసారి అన్నదమ్ములు ముందే సిద్ధమయ్యారు. పెద్దన్న కండువా నడుముకి బిగించి, పై స్టూలు అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. నడిపన్న కింది స్టూలుని ఒడిసిపట్టాడు. చిన్నన్న పెద్దన్న నడుము పట్టుకున్నాడు.

"అంత అవసరం లేదండీ..." అంది టేపమ్మ.

"నువ్వుండమ్మా. మాకు తెలుసు," అని పెద్దన్న బలంకొద్దీ లాగాడు.

స్టూలు తేలిగ్గా లేచొచ్చింది. పెద్దన్న, చిన్నన్న ఇద్దరూ వెనక్కి వెళ్లి గోడవారనున్న సోఫాలో పడ్డారు. స్టూలు పెద్దన్న ఒళ్లో ఉంది. తర్వాత నడిపన్న, "నాకివ్వండి, నేనింకా లాగలేదు," అన్నాడు. రెండోది అతను తీశాడు. మూడోది చిన్నన్న తీశాడు. మిగిలినవి ఎవరు తియ్యాలని కాసేపు వాదన జరిగింది. ఆరూ విడిపోయాక మళ్లీ తొడిగి, చిన్నన్న వాటిమీద ఎక్కి గెంతి, మళ్లీ తీశారు.

నడిపన్న ఒకటి తిరగేసి లోపలికి తొంగిచూశాడు. పలకలమీద వేలితో తట్టాడు. నవ్వు ఆపేశాడు.

"వీటివల్ల దొంతర ఎత్తు పెరుగుతుంది. లారీలో ఎన్ని తగ్గుతాయి?"

మేడం టేపమ్మ వైపు చూసింది. ఈ ప్రశ్న వస్తుందని ఇద్దరికీ తెలుసు. దీనికి ఏం చెప్పాలో మేడం ఆమెకి చెప్పలేదు.

"దొంతరకి ఒకటండీ," అంది టేపమ్మ. "ఈ నాలుగు మిల్లీమీటర్ల పలకలు లేకపోతే మీ లారీ ఎత్తుకి ఇరవై ఏడు పడతాయి. ఇప్పుడు ఇరవై ఆరే పడతాయి. పైన ఐదు మిల్లీమీటర్లు మిగులుతుంది."

"మా లారీ ఎత్తు నీకెలా తెలుసు?"

"కొలిచానండీ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మెట్లెక్కేముందు."

ఆమె చెయ్యి చాచి అంకెలు చూపించింది. నడిపన్న కళ్లజోడు పెట్టుకుని ఆ చేతిని చదివాడు.

"దొంతరకి ఒకటంటే లోడుకి చాలా అవుతుంది," అన్నాడు. "మూడు మిల్లీమీటర్లు పెట్టలేవా?"

"రెండు పెట్టి చూశానండీ, పట్టేశాయి. మూడు చూడలేదు. చూడనిది అవుతుందని చెప్పలేను."

ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఇరవై ఏడు అతుక్కుని దిగితే దుకాణంవాడు మనల్నే పిలుస్తాడు. డ్రిల్లు పట్టుకుని నేను ఊరూరూ తిరగాలి. నా వయసు చూసి చెప్పండి."

ఈసారి ముగ్గురి తలలూ ఒకేసారి ఊగలేదు. ముందు పెద్దన్నది ఊగింది. తర్వాత చిన్నన్నది. నడిపన్న కిటికీలోంచి లారీని చూశాడు, స్టూలుని చూశాడు, మళ్లీ లారీని చూశాడు. చివరికి, "సరే, ఇరవై ఆరు," అన్నాడు.

మెట్లు దిగుతుంటే మేడం అంది, "సోమవారం ఉత్తరం తీసుకో. జీతం గొప్పగా ఏమీ ఉండదు."

"సరే మేడం."

"సరే అనకూడదు. ఎంత అని అడగాలి."

"ఎంత మేడం?"

"సోమవారం చెప్తాను."

మేడం కారు దగ్గరికి నడిచింది. టేపమ్మ ఆఖరి మెట్టు మీద ఉండగా వెనకనుంచి ఫోర్‌మన్ కేకేశాడు.

"అమ్మాయ్, ఆగాగు! ఈ పలక పైకప్పుకి అతికేచోట మూల ఎంత గుండ్రం తియ్యాలి? బొమ్మలో వెయ్యలేదు. నేను రేపు ఉక్కు కోయడం మొదలుపెట్టాలి."

ఆమె మెట్టుమీదే కూర్చుని బొమ్మ ఒళ్లో పరుచుకుంది. "ఒక మిల్లీమీటరు."

"చాలదు. పుటుక్కున విరుగుతుంది. రెండు చెయ్యి."

"రెండు చేస్తే అక్కడ ప్లాస్టిక్ మందమై, చల్లారాక పైన గుంటపడుతుంది కదండీ. కూర్చునేచోట మూడు గుంటలు కనబడతాయి."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా మేస్త్రి."

"ఆయనకేం తెలుసు, గిన్నెలో రెజిన్ కలుపుకునే మనిషి," అన్నాడు ఫోర్‌మన్. ఒక నిమిషం గడ్డం గోక్కున్నాడు. "ఒకటిన్నర."

"ఒకటిన్నర," అంది ఆమె. రాసింది.

"కింద నీ పేరు రాసి తారీఖు వెయ్యి. మొదటి విడత ఇరవై వేలు పోస్తాం. తప్పయితే ఇరవై వేల తప్పులూ నీవే. నా నెత్తిన రుద్దకూడదు."

ఆమె పెన్ను కాగితానికి ఆనింది. అక్కడే ఆగింది. కారులోంచి మేడం హారన్ కొట్టింది. ఆమె లేచి నిలబడి చెయ్యూపింది.

"మీరు వెళ్లండి మేడం! నేను బస్సులో వస్తాను!"

కారు గేటు దాటిపోయింది. టేపమ్మ బొమ్మని చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"గుంటపడ్డ పాత ముక్కలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయా? ఒకటిన్నరకి పడుతుందో లేదో ఒకసారి చూసి అప్పుడు పేరు రాస్తాను."

"ఉద్యోగం ఖాయమై రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే పేచీ మొదలెట్టావా?" అన్నాడు ఫోర్‌మన్. జేబులోంచి షెడ్డు తాళాలగుత్తి తీశాడు. "పద, రెండు బస్తాలున్నాయి. అన్నీ చూసుకో."